పాత పాటలు – వాని ఆయువు



ఈ పూట నేను ముచ్చటింపబూనినది సినిమా పాటలను గూర్చి. మూడున్నర దశాబ్దములు బడిలో తెలుగు బోధించి, పోతన పద్యములకు అర్థము చెప్పిన నోటితో సినిమా పాటల ప్రసంగమేమని మీలో కొందరు పెద్దలు నొసలు చిట్లింపవచ్చును. చిట్లింతురు గాక. కాని వేకువను పాలు పిదుకువేళను, రాత్రి మంచముపై మేను వాల్చినవేళను, ఆ పెద్దల చెవిన బడుచున్నది పాత సినిమా పాటయే. అది ముగియువరకు వారు మాటాడరు. నడుమ ఎవరైన పలుకరించినచో చేయెత్తి వారింతురు. అంతటి గౌరవమునకు పాత్రమైన వస్తువును గూర్చి పావుగంట మాటాడుకొనుట తప్పు కాదు.

మా నారాయణఖేడు భాషల కూడలి. 1956 వరకు ఈ తాలూకా బీదరు జిల్లాలో నుండెను. రాష్ట్రముల పునర్విభజనమున మెదకు జిల్లాలో చేరెను. 2016లో సంగారెడ్డి జిల్లాలోని దయ్యెను. ఇంట తెలుగు, ఒక పొలిమేర కావల కన్నడము, మరియొక పొలిమేర కావల మరాఠీ, సంతలో ఉర్దూ. ఇట్టి చోట రేడియో మీట ఒక అంగుళము త్రిప్పిన చాలును, భాష మారిపోవును. కావున ఇక్కడివారికి ఒక చమత్కారము చిన్ననాటనే తెలియును. ఒకే వరుస నిన్న హిందీలో వినబడును, నేడు తెలుగులో వినబడును. ఎవరు ఎవరివద్ద తెచ్చుకొనిరో తెలియదు. ఎవరును తిరిగి ఇచ్చివేయరు.

పాట నాటి దినములలో దేనిమీద నిలిచి యుండెనో మొదట చూతము. నిమిషమునకు డెబ్బదియెనిమిది మారులు తిరుగు నల్లని రికార్డు మీలో అరువది దాటినవారు చూచియే యుందురు. అది జారి పడినచో కుండపెంకువలె పగులును. దానిలో ముఖ్యద్రవ్యము లక్క. మన మోదుగచెట్టు మీదను, రేగుచెట్టు మీదను పురుగు పెట్టు లక్కయే. ఆ లక్కలో రాతిపొడియు, మసియు కలిపి అచ్చొత్తెడివారు. లోకమునకు లక్క సరఫరా చేసిన దేశములలో మనదే పెద్ద చేయి. రెండవ ప్రపంచ యుద్ధకాలమున, 1942లో, అమెరికా ప్రభుత్వము రికార్డులకు వాడు లక్కపై పరిమితి విధింపవలసి వచ్చెను. మన అడవిలోని పురుగు ఆగినచో వారి పాట ఆగును. ఇది ఎంత వింతయో చూడుడు.

ఈ రికార్డు ఒక ప్రక్కన పట్టునది మూడు నిమిషములు, మించిన మూడున్నర. త్యాగరాజస్వామి కీర్తనయైనను, నాటకపు పద్యమైనను, సినిమా పాటయైనను ఆ కొలతలో ఒదుగవలసినదే. రాగాలాపనలో గంటలు గడపు విద్వాంసులకు ఇది సంకెల. పాట వ్రాయు కవికి మాత్రము ఇది ఛందస్సు వంటిది. కందపద్యమునకు గణనియమ మెట్లో, పాటకు ఈ కాలనియమ మట్లు. వ్యర్థపదమునకు చోటు లేదు. పల్లవి మొదటి పావునిమిషములోనే చెవిని పట్టవలెను. ఆ కాలపు పాటలు ఒకసారి వినిన నోటికి వచ్చుటకు ఈ లక్కపలక కొంత కారణమని నా తలంపు.

ఇక రేడియో సంగతి. నైజాం ప్రభుత్వము 1935లో హైదరాబాదు రేడియో కేంద్రమును తన అధీనములోనికి తీసికొనెను. దానికి దక్కన్ రేడియో అని పేరు. 1950 ఏప్రిలు 1వ తేదీన అది ఆకాశవాణిలో కలిసెను. అంతకు ముందే మద్రాసు కేంద్రము 1938లోను, విజయవాడ కేంద్రము 1948లోను వెలసినవి. వెంటనే యొక గొప్ప తగవు వచ్చెను. 1952లో కేంద్ర సమాచార ప్రసార మంత్రియైన బి. వి. కేస్కరుగారు శాస్త్రీయ సంగీతాభిమాని. సినిమా పాట జనుల అభిరుచిని చెరచునని ఆయన నమ్మకము. పాటలను వడపోయింపసాగెను. ప్రసార సమయమున చిత్రము పేరు చెప్పుట వ్యాపార ప్రకటన యగునని, గాయకుని పేరు మాత్రమే చెప్పవలెనని నియమము వచ్చెను. నిర్మాతలు కోపించి పాటల హక్కులను వెనుకకు తీసికొనిరి. కొలది నెలలలో ఆకాశవాణిలో సినిమా పాట దాదాపు మూగబోయెను.

జనులు ఊరకుండిరా? మీట సింహళము వైపు త్రిప్పిరి. రేడియో సిలోను వారికి మనవారి అభిరుచి చెడునన్న దిగులు లేదు. అదే 1952లో అమీన్ సయానీగారి బినాకా గీతమాల అచ్చట ఆరంభమయ్యెను. వారమునకొక రాత్రి దేశమంతయు చెవులు రిక్కించెను. తెలుగు పాటలును ఆ కేంద్రమునుండి వినవచ్చెడివి. తుదకు 1957 అక్టోబరు 3వ తేదీన మన ప్రభుత్వమే వివిధభారతిని నెలకొల్పి, వెడలగొట్టిన పాటను మరల ఇంటికి పిలుచుకొనెను. వినువాని చెవిని చట్టముతో కట్టివేయజాలమని పాలకులు తెలిసికొనుటకు అయిదేండ్లు పట్టెను.

సరిగా ఆ అయిదేండ్లలోనే అమెరికాలో ఇట్టి తగవే మరియొకటి నడిచినది. అక్కడ రాక్ అండ్ రోల్ అను పాట పుట్టెను. ఆ పేరు వినగానే గిటారులు, కేకలు తలపునకు వచ్చును. దాని మూలము వేరు. ఆఫ్రికానుండి బానిసలుగా కొనిపోబడినవారి సంతతి ప్రత్తిచేలలోను, ప్రార్థనామందిరములలోను పాడుకొనిన పాట అది. ఒకరు అందింతురు, తక్కినవారు అందుకొందురు. బతుకమ్మ చుట్టు తిరుగు మన ఆడుబిడ్డలు ఒక్కతె అందించిన చరణమునకు అందరును "ఉయ్యాలో" అని అందుకొనుట మీరెరుగుదురు. ఎత్తుగడ అదియే. వారి పాటలలో పెక్కింటికి పండ్రెండు ఆవృత్తముల కట్టడి యొకటి కలదు. మొదటి పాదమును రెండుమారులు పాడి, మూడవ పాదముతో దానికి జవాబు చెప్పుదురు. తాళము నాలుగు దెబ్బలది. మన భజనలో దెబ్బ సమము మీద, అనగా మొదటి మాత్ర మీద పడును. వారికి రెండవ మాత్ర మీదను, నాలుగవ మాత్ర మీదను పడును. ఈ ఒక్క మార్పుచే కూర్చున్నవాని కాలు తనంతట తాను కదలును. తాళము వేయగలవారు ఇంట నొకసారి ప్రయత్నించి చూడవచ్చును. మనుమలు నవ్విన నవ్వనిండు.

బిల్ హేలీ అనునతడు 1954లో ముద్రించిన పాట యొకటి మరుసటి యేట ఆ దేశమంతట మారుమ్రోగెను. దాని నిడివి రెండు నిమిషములకు కొంచెము పైన. చక్ బెర్రీ, లిటిల్ రిచర్డు, ఎల్విస్ ప్రెస్లీ అనువారు వెనువెంట వచ్చిరి. అచ్చటి పెద్దలు గగ్గోలు పెట్టిరి. పిల్లలు చెడుదురనిరి, ఇది సంగీతమే కాదనిరి. ప్రెస్లీ నడుము త్రిప్పుట చూడరానిదని, 1957 జనవరిలో టెలివిజనులో అతనిని నడుము పైభాగము వరకే చూపిరి. క్రిందిభాగము ఏమి చేయుచున్నదో ఊహించుకొనుట చూచువారి వంతయ్యెను. కేస్కరుగారికిని ఆ పెద్దలకును ముఖపరిచయము లేదు. భాష వేరు, దేశము వేరు. పలికిన మాటలు మాత్రము కవలపిల్లలవలె నున్నవి.

1977లో అమెరికావారు వాయేజరు అను రెండు నౌకలను ఆకాశమునకు పంపిరి. వానిలో బంగారుపూత పూసిన రాగిపలక చెరియొకటి కలదు. ఎన్నడైన ఏ లోకమువారికైన దొరకినచో వినుటకై భూలోకపు సంగీతమును ఆ పలకలో నిక్షేపించిరి. చక్ బెర్రీ 1958లో వెలువరించిన పాట అందు కలదు. మన కేసరబాయి కేర్కరుగారు భైరవిలో పాడిన పాటయు అందే కలదు. పిల్లలు చెడుదురని పెద్దలు వెరచిన పాటయు, కేస్కరుగారు తలదాల్చిన సంగీతమును ఒకే పలకపై ఇప్పుడు మనుష్యుడు చేసిన ఏ వస్తువును పోనంత దూరము పోవుచున్నవి. తగవులాడిన మనము క్రింద నున్నాము.

"అది వారి సంగతి, మన పాతపాట స్వచ్ఛమైనది, పరదేశపు కల్తీ లేనిది" అని మీరనవచ్చును. ఈ మాట రచ్చబండమీద నేను అనేకమారులు వింటిని. ఇది నిలువదు.

1957 మార్చిలో విడుదలయిన మాయాబజారు తీసికొందము. ఘటోత్కచుడు పెండ్లివారి విందు నారగించుచు పాడు పాటకంటె తెలుగు పాట మరేమున్నది? తెరపై యస్. వి. రంగారావుగారు, గొంతు మాధవపెద్ది సత్యంగారిది. కంచములోని వంటకములన్నియు మనవే. ఇప్పుడు చార్లెస్ పెన్రోజ్ అను ఆంగ్లేయుడు 1922లో ముద్రించిన నవ్వులపోలీసు పాటను వినుడు. పకపక నవ్వును తాళములో ఇమిడ్చిన ఆ తీరు ఘటోత్కచునిదే! ఆ ఆంగ్లేయుని పాటకును మూలము, 1890 ప్రాంతమున అమెరికాలో జార్జి జాన్సన్ అను నల్లజాతి గాయకుడు ముద్రించిన నవ్వుపాట. బానిసల కుటుంబమున పుట్టిన ఒక బీదవాని నవ్వు లండను మీదుగా వచ్చి ద్వారకలో పెండ్లివిందు భుజించినది. మనము మూడు తరములుగా ఆ నవ్వునకు నవ్వుచున్నాము. దానివలన ఆ విందులోని గారెల రుచి తగ్గినదా?

ఇచ్చిపుచ్చుకొనుట మనకు కొత్త కాదు. 1955 నాటి మిస్సమ్మలో సాలూరి రాజేశ్వరరావుగారు కట్టిన బృందావనపు పాట, రెండేండ్లకు మిస్ మేరీ అను హిందీ చిత్రమునకు తరలి వెళ్లెను. అదే 1955లో తెలుగు అనార్కలికి హిందీ అనార్కలినుండి ఒక వరుస నడిచి వచ్చి, జిక్కిగారి గొంతున స్థిరపడెను. 1957 నాటి సువర్ణసుందరిలో ఆదినారాయణరావుగారు కూర్చిన రాగమాలికను తెలుగున ఘంటసాల, జిక్కి పాడిరి. హిందీలో లతా మంగేష్కరు, మహమ్మదు రఫీ పాడిరి. మా సంతలో ఈ రెండును వినినవారు ఏది మేలని నేటికిని వాదులాడుదురు. నేను జిక్కి పక్షము.

వరుస ఎచ్చటినుండియైన రావచ్చును. మాట మాత్రము ఈ నేలలో మొలవవలెను. వృత్తిచే పండితుడను గనుక ఇచ్చట కొంచెము నిలువనిండు. 1951లో బి. యన్. రెడ్డిగారి మల్లీశ్వరి వచ్చెను. దేవులపల్లి కృష్ణశాస్త్రిగారు సినిమాకు పాటలు వ్రాయుట అదియే మొదలు. నాయికానాయకులు ఎడబాటున మేఘమును పిలిచి వార్త పంపు పాట యందు కలదు. కాళిదాసుని యక్షుడు మందాక్రాంత వృత్తమున చెప్పినదానిని కృష్ణశాస్త్రిగారు సంస్కృత సమాసముల బరువు దింపి, పల్లెపడుచు నోట పలుకదగిన తేలికమాటలలో చెప్పిరి. మేఘసందేశమును బడిలో చెప్పునపుడు నేను ముందుగా ఈ పాటను పాడించెడివాడను. పిల్లలకు విరహమన నేమో తెలిసిన తరువాత శ్లోకము సుళువు.

పింగళి నాగేంద్రరావుగారి దారి వేరు. మాయాబజారులో ఆయన పుట్టించిన మాటలు కొన్ని నిఘంటువున దొరకవు, ఊరందరి నోట దొరకును. "అసమదీయుడు" అన్నచో సంస్కృతపు "అస్మదీయ" శబ్దమును ఒక అచ్చు చేర్చి సాగదీసినాడని సరిపెట్టుకొనవచ్చును. "తసమదీయుడు" అను దానికి ఏ పాణిని సూత్రమును దిక్కు లేదు, ఉండవలసినది "తదీయుడు". అయినను మా తాలూకా కచేరిలోను, ఎన్నికల సభలలోను ఆ రెండుమాటలు చెల్లుబడి యగుచున్నవి. వ్యాకరణము ఓడినచోట నాకు సంతోషము కలిగిన సందర్భములు కొలదియే. వానిలో నిది యొకటి.

సంగీతకర్తల మాట. దేవదాసు పాటలు వినని తెలుగువారు లేరు. వానికి వరుసలు కూర్చిన సి. ఆర్. సుబ్బరామన్‌గారు 1952లో, ముప్పది యేండ్లయినను నిండకయే, కాలధర్మము నొందిరి. చిత్రము 1953లో విడుదలయ్యెను. మిగిలిన పనిని ఆయన సహాయకులైన విశ్వనాథన్, రామమూర్తి పూర్తిచేసిరి. తాను చూడని చిత్రమువలన ఆయన పేరు నిలిచినది. నిలిచినది అనుచున్నాను గాని, ఆ పాట వినువారిలో ఎందరికి ఆ పేరు తెలియును? అసలు మాట కిప్పుడు వచ్చితిని.

పాతపాట తనంతట తాను బ్రతికి యుండునని మనము తలచుచున్నాము. రాతిగుడివలె నుండునని భ్రమ. పాట రాయి కాదు. న్యూయార్కు నగరమున డబ్ల్యు.సి.బి.ఎస్. అను ఎఫ్.ఎం. కేంద్రము 1972లో పాతపాటలకే అంకితమయ్యెను. నేను చెప్పిన రాక్ అండ్ రోల్ పాటలు ముప్పదేండ్లకు పైగా అచ్చట వినబడెను. 2005 జూనులో యజమానులు ఒక్కదినమున వానిని నిలిపివేసిరి. శ్రోతలు మండిపడిరి. 2007 జూలైలో పాతపాటలు తిరిగి వచ్చినవి. అయితే వచ్చినవి ఏవి? 1950 దశాబ్దపు పాటలు చాలవరకు ఇంటివెలుపలనే నిలిచిపోయినవి. తరువాతి కాలపు పాటలు వాని పీటలపై కూర్చున్నవి. కారణము సంగీతము కాదు, లెక్క. ప్రకటనలిచ్చు వర్తకులకు కావలసినది 25 మొదలు 54 ఏండ్లలోపు వయస్సువారు. పాటతోపాటు శ్రోతకు వయస్సు మీరును. మీరినవాడు సబ్బు కొనినను కొనకున్నను వర్తకునికి ఒకటే. పాతపాట అను పేరు మారదు, దాని లోపలి సరకు మాత్రము పదేండ్లకొకమారు ముందునకు జరుగుచుండును.

మన దేశమున ఆకాశవాణి ప్రభుత్వ ధనముచే నడచునది గనుక ఈ జరుగుబాటు మెల్లగా నున్నది. ఘంటసాలగారు 1974లో గతించిరి. వారి గొంతు నేటికిని ఉదయవేళ వినబడుచున్నది. ప్రైవేటు ఎఫ్.ఎం. కేంద్రములలో నేను వినినంతలో అది అరుదు. అచ్చట పాతపాట యన్నచో ఇరువది యేండ్లనాటిది. జనరంజని వంటి కోరికల కార్యక్రమములకు కార్డుపై కార్డు వ్రాసిన తరము పలుచబడినది. కార్డు వ్రాయువాడు లేనిచో ఆ పాట వినువారున్నారని కేంద్రమువారికి ఎట్లు తెలియును?

మరియొక నష్టము సద్దుచేయక జరుగుచున్నది. వెనుకటి ప్రకటనకర్తలు చిత్రము, కవి, సంగీతకర్త, గాయకులు అని వరుసగా చెప్పి పాట వేసెడివారు. మా చిన్నతనమున పంచాయతి వాకిట రేడియో క్రింద కూర్చుండి ఆ పేర్లను మేము ఎక్కమువలె అప్పగించెడివారము. ఇప్పుడు పాట సెల్లుఫోనులో తటాలున మొదలగును, తటాలున ముగియును. మొన్న నొక బాలుని, ఈ పాట ఎవరిది నాయనా యని అడిగితిని. "రామారావుది తాతా" అనెను. వ్రాసినది పింగళి, కట్టినది, పాడినది ఘంటసాల. పెదవులాడించినవానికి దక్కినది పాట! రామారావుగారి ఘనతకు ఇది కొరత కాదు, అయినను ఆయనకు చెందనిదానిని ఆయనకు అంటగట్టుట న్యాయము కాదు. పోతన భాగవతమును దానిని చదివి వినిపించిన పౌరాణికునిదని చెప్పుదుమా?

సెల్లుఫోను చెడ్డదని నేననను. ఆకాశవాణివారి న్యూస్ ఆన్ ఎయిర్ అను సాధనమును అందు పెట్టుకొనినచో వివిధభారతి మొదలు అనేక కేంద్రములు వినబడును. గాలివాన నాడు వెనుకటివలె గరగరయు నుండదు. మనుమని చేత పెట్టించుకొనుడు. బదులుగా వాని పాట నొకటి వినుడు. అందు దెబ్బ రెండవ మాత్రమీద పడుచున్నదేమో చూడుడు.

మా వీధిలో ఒక పెద్దరైతు కలడు. చదువు నాలుగవ తరగతి. ఆయనవద్ద ఎఱ్ఱ అట్ట వేసిన పాత పద్దుపుస్తక మొకటి కలదు. ముందు పుటలలో కందులు, జొన్నలు అమ్మిన లెక్కలు. వెనుకనుండి మొదలిడి రేడియోలో వినిన పాటల లెక్క. తేదీ, చిత్రము, పాడినవారు, వ్రాసినవారు అని నాలుగు గళ్ళు గీసినాడు. ప్రకటనకర్త చెప్పనపుడు నాలుగవ గడి ఖాళీగా విడిచి, నెలకొకమారు పుస్తకము నావద్దకు తెచ్చి, "పంతులూ, గీ ఖానాలు నింపు" అనును. తెలిసినంతవరకు నింపితిని. పదునొకండు గళ్ళు ఇంకను మిగిలి యున్నవి. వానిలో పెక్కు 1960కి ముందటి చిత్రములవి. ఆ పదునొకండు పాటల పల్లవులను కార్డుపై వ్రాసి ఈ కేంద్రమువారికి ఇచ్చి పోవుచున్నాను. వారు వానిని చదువుట కంగీకరించినారు. ఎరిగిన శ్రోతలు కవి పేరును కేంద్రమునకే వ్రాసినచో, ఆ రైతు సంకురాత్రిలోపల తన పుస్తకమును పూర్తిచేసికొనును.